తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయని రిపోర్టు వస్తే ఏం చేయాలి: దీర్ఘకాలిక రక్త క్యాన్సర్ ఉన్నవారికి, ఇంట్లోవాళ్లకి

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది. నీరసంగా ఉందని రక్త పరీక్ష చేయిస్తే తెల్లకణాలు లక్షన్నర ఉన్నాయన్నారు, క్యాన్సర్ అంటున్నారు, ఇప్పుడెక్కడికి వెళ్లాలి, ఏం మందు వాడాలి, ఎన్నాళ్లు వాడాలి అని అడుగుతారు. ఆర్నెల్లు గడిచాక అవే ఇళ్ల నుంచి రెండో ప్రశ్న వస్తుంది: కౌంట్ నార్మల్‌కి వచ్చేసింది కదా, మాత్ర ఆపేయొచ్చా? ఈ రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. అందుకే మాత్ర వేసుకోవడం, పీసీఆర్ (ఒంట్లో జబ్బు ఇంకా ఎంత మిగిలిందో కొలిచే రక్త పరీక్ష) చూసుకోవడం గురించి కింద ఎక్కువ రాశాం.

పెద్దల్లో దీర్ఘకాలిక రక్త క్యాన్సర్లు ముఖ్యంగా రెండు, సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా), సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా). పేర్లు ఒకేలా వినిపించినా వైద్యం పూర్తిగా వేరు. మీది ఏదో తేలేదాకా పక్క ఊళ్లో ఎవరో వాడిన మందు మొదలుపెట్టకండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఇప్పటిదాకా చేయించిన రక్త పరీక్షల రిపోర్టులన్నీ, పాతవి కూడా. రెండేళ్ల కిందటి సీబీసీ (రక్తకణాల లెక్క) దొరికినా పారేయకండి. కణాలు ఎప్పటి నుంచి పెరుగుతున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది.
- ఆధార్, బియ్యం కార్డు, వాటి నకళ్లు.
- వాడుతున్న మందుల ఖాళీ స్ట్రిప్పులు. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ, థైరాయిడ్ మందులు ఏవైనా సరే.
- ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం, ఒక గోడ క్యాలెండర్, థర్మామీటరు.

1. రిపోర్టును సరిగా చదవండి

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కొన్ని ల్యాబుల్లో తెల్లకణాల సంఖ్య 1,86,000 అని ఉంటుంది. ఇంకొన్ని చోట్ల 186 అని వేసి పక్కన 10³ అని ఉంటుంది. రెండూ ఒకటే, లక్షా ఎనభై ఆరు వేలు. మామూలుగా ఉండాల్సింది 4 వేల నుంచి 11 వేలు.

తర్వాత ఏ రకం కణాలు పెరిగాయో చూడండి. చిన్న ల్యాబుల్లోని మిషన్ తెల్లకణాలను మూడు రకాలుగానే విడదీస్తుంది. ఆ రిపోర్టులో మైలోసైట్లు, మెటామైలోసైట్లు, బేసోఫిల్స్ అనే తెల్లకణాల రకాలు విడిగా కనబడవు, అన్నీ గ్రాన్యులోసైట్లు అనే ఒకే వరుసలో కలిసిపోతాయి. కాబట్టి పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద చూసి రాసే స్మియర్ రిపోర్టు అడిగి తీసుకోండి. అందులో ఇలా ఉంటే:

- న్యూట్రోఫిల్స్‌తో పాటు మైలోసైట్లు, మెటామైలోసైట్లు బాగా ఉండి, బేసోఫిల్స్ పెరిగి, ప్లేట్‌లెట్లు 4.5 లక్షలు దాటి ఉంటే సీఎంఎల్‌ని అనుమానించాలి.
- లింఫోసైట్లు 70, 80 శాతం ఉండి, స్మడ్జ్ కణాలు (నలిగిపోయిన కణాలు) అని రాసి ఉంటే సీఎల్ఎల్ అనుమానం.
- బ్లాస్ట్ కణాలు (ఇంకా ఎదగని కణాలు) 20 శాతం, అంతకు మించి ఉంటే వ్యాధి తీవ్ర దశలో ఉందని, లేదా వేరే రకం రక్త క్యాన్సర్ అని. ఆ రోజే బయలుదేరాలి.

న్యుమోనియా, చీము పట్టడం, టీబీ వంటి వాటిలోనూ తెల్లకణాలు పెరుగుతాయి, ఒక్కోసారి 50 వేల దాకా వెళ్తాయి. లక్ష దాటిన కౌంట్‌కి మాత్రం యాంటీబయోటిక్ కోర్సుల మీద కోర్సులు వాడుతూ వారాలు గడపకూడదు.

కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద బరువుగా ఉండటం, నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట నిండిపోవడం ప్లీహం పెరిగిన గుర్తులు. మన దగ్గర దీన్నే బల్ల అంటారు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు మలేరియా ఎక్కువ కాబట్టి బల్ల కనబడగానే మలేరియా మందు ఇచ్చేస్తుంటారు. మలేరియా వల్ల బల్ల పెరుగుతుంది నిజమే, తెల్లకణాలు మాత్రం లక్షలకు చేరవు. బల్ల ఉందంటే సీబీసీ కూడా చేయించాల్సిందే.

హెచ్చరిక: బల్ల కరగాలని నూనె రాసి పొట్ట తోమించడం, వాత పెట్టించడం చేయకండి. ఉబ్బిన ప్లీహం చిట్లితే లోపలే రక్తస్రావమవుతుంది, ప్రాణం పోతుంది.

2. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం, ఎడమ డొక్కలో హఠాత్తుగా నొప్పి, ఆగని రక్తస్రావం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం. మగవాళ్లలో అంగం గంటల తరబడి నొప్పితో గట్టిపడి ఉండటం కూడా ఈ జాబితాలోదే. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు గానీ, రక్తంలో కణాలు కిక్కిరిసి ప్రవాహం అడ్డుపడటం వల్ల వచ్చేది ఇది. ఆలస్యమైతే శాశ్వత నష్టం జరుగుతుంది. వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి.

ఇవేవీ లేకపోతే కంగారు అక్కర్లేదు. వారంలోపు రక్త క్యాన్సర్లు చూసే డాక్టరు దగ్గరికి చేరితే చాలు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మొదటి పరీక్షలు చేయించుకుని, రిఫరల్ రాయించుకుని విశాఖపట్నం వెళ్లొచ్చు. అక్కడ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది. రైల్లో వెళ్తే దానికి దువ్వాడ స్టేషన్ దగ్గర, విశాఖ స్టేషన్‌లో దిగితే మళ్లీ ఊరు దాటి రావాలి.

3. రోగం పేరు తేల్చే పరీక్షలు

సీఎంఎల్‌ని తేల్చేది బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల ఈ జన్యువు పుడుతుంది. పుట్టుకతో వచ్చేది కాదు, పిల్లలకు సంక్రమించదు, అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా ఏమీ కాదు.

రక్తంతోనే ఈ పరీక్ష చేయొచ్చు. అయినా మొదటిసారి ఎముక మూలుగ పరీక్ష కూడా చేస్తారు, బ్లాస్ట్‌లు ఎన్ని ఉన్నాయో, వ్యాధి ఏ దశలో ఉందో చూడటానికి. తుంటి ఎముక దగ్గర మత్తు సూది ఇచ్చి తీస్తారు. వెన్నుపాములోంచి తీస్తారని, నడుము పడిపోతుందని భయపడి ఈ పరీక్ష దగ్గరే వెనక్కి వచ్చేసేవారు ఉన్నారు. వెన్నుపాముకీ దీనికీ సంబంధం లేదు.

మొదటి బీసీఆర్-ఏబీఎల్ రిపోర్టులో ట్రాన్‌స్క్రిప్ట్ రకం (మీలో ఉన్న ఆ జన్యువు ఏ రకమో) రాయించుకోండి, పీ210 లాంటిది. తర్వాత ఏళ్ల తరబడి కొలవాల్సింది దాన్నే. ఆ ఒక్క మాట ఫైల్లో లేక మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయించాల్సి వస్తుంటుంది.

సీఎల్ఎల్ అయితే ఫ్లో సైటోమెట్రీ, అంటే కణాలు ఏ రకమో గుర్తించే పరీక్ష. రక్తమే చాలు, చాలామందికి మూలుగ తీయనక్కర్లేదు. ఒకే మూసలో పుట్టిన బి-లింఫోసైట్లు మైక్రోలీటరుకు 5 వేలు, అంతకు మించి, మూడు నెలలకు పైగా ఉంటేనే సీఎల్ఎల్ అంటారు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లకి ఒక మాట. తెల్లకణాలు లక్షల్లో ఉన్నప్పుడు రక్తం ట్యూబులోనే కణాలు చిట్లి పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చు. కిడ్నీ పోయిందని వెంటనే హడలిపోకండి. ఈసీజీ తీయించి, కొత్త శాంపిల్ వెంటనే పరీక్షించమని అడగండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్లు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) రిపోర్టు లేకుండా క్యాన్సర్ డాక్టరు ముందు కూర్చోకూడదు. దాన్నిబట్టి మందు మోతాదు మారుతుంది.

4. సీఎల్ఎల్ అని తేలితే

చాలామందికి వెంటనే మందు అవసరం ఉండదు. డాక్టరు ఏమీ రాయకుండా మూడు నెలల తర్వాత రమ్మన్నాడంటే మిమ్మల్ని వదిలేశాడని కాదు. తొలి దశలో మందు ముందే మొదలుపెడితే ఆయుష్షు పెరగదని తేలింది. కౌంట్ 80 వేలు ఉన్నా లక్ష ఉన్నా, ఆ సంఖ్య ఒక్కటే చూసి మందు మొదలుపెట్టరు.

మందు ఎప్పుడు? హిమోగ్లోబిన్ 10 కంటే, ప్లేట్‌లెట్లు లక్ష కంటే పడిపోతున్నప్పుడు, లింఫోసైట్లు ఆరు నెలల్లోపే రెట్టింపైనప్పుడు, గడ్డలు గానీ బల్ల గానీ బాగా పెరిగినప్పుడు, ఆర్నెల్లలో ఒంటి బరువులో పదో వంతు తగ్గినప్పుడు, నెలకు పైగా రాత్రిపూట పక్కబట్టలు తడిసేలా చెమటలు పోస్తున్నప్పుడు. నోటు పుస్తకంలో నెలకోసారి బరువు, మెడ, చంక, గజ్జల్లో గడ్డల సైజు రాసుకోండి. సైజుకి కందిగింజ, ఉసిరికాయ, నిమ్మకాయ అని రాసినా చాలు.

మందు మొదలుపెట్టే ముందు 17పీ, టీపీ53 పరీక్షలు (క్యాన్సర్ కణాల జన్యువుల్లో లోపం ఉందేమో చూసేవి) అడగండి. ఆ లోపం ఉన్నవారికి పాత కీమోథెరపీ సరిగా పనిచేయదు, ఇబ్రుటినిబ్, అకలాబ్రుటినిబ్, వెనెటోక్లాక్స్ వంటి మాత్రలే దారి. సీఎల్ఎల్‌కి నరం ద్వారా ఇచ్చే రిటుక్సిమాబ్ ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. వెనెటోక్లాక్స్‌ని వారానికో మెట్టు చొప్పున 20, 50, 100, 200, 400 మిల్లీగ్రాములకు పెంచుతారు. ఆ ఐదు వారాలు కణాలు ఒక్కసారిగా చచ్చి కిడ్నీకి భారమవుతుంది కాబట్టి ఆసుపత్రికి దగ్గరలో ఉండేలా చూసుకోండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి. ప్రాణం ఉన్న క్రిములతో చేసే టీకాలు మాత్రం వద్దు.

5. సీఎంఎల్ అయితే మందుకి ముందు

మొదటి కొన్ని రోజులు కౌంట్ దించడానికి హైడ్రాక్సీయూరియా, యూరిక్ యాసిడ్ పెరగకుండా అల్లోప్యూరినాల్ ఇస్తారు. హైడ్రాక్సీయూరియా కౌంట్‌ని తగ్గిస్తుంది, జబ్బుని కాదు. కౌంట్ దిగింది కదా అని దాని మీదే నెలల తరబడి ఉండిపోయి తీవ్ర దశలోకి వెళ్లినవాళ్లు ఉన్నారు. బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్ అని తేలగానే అసలు మందు మొదలవ్వాలి.

అడిగి చేయించుకోవాల్సినవి: లివర్, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, షుగర్, హెపటైటిస్ బి, ఈసీజీ. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకి గర్భ పరీక్ష. ఈ మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, పాలిచ్చే తల్లులూ వాడకూడదు. పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పండి, దానికి వేరే ఏర్పాటు ఉంది.

6. మాత్ర వేసుకునే తీరు

ఎక్కువమందికి మొదట ఇచ్చేది ఇమాటినిబ్. తొలి దశలో ఉన్న పెద్దలకి రోజుకు 400 మిల్లీగ్రాములు. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2013 ఏప్రిల్ 1న గ్లివెక్ (ఇమాటినిబ్‌కి అసలు కంపెనీ పెట్టిన పేరు) పేటెంటు దరఖాస్తుని మన సుప్రీంకోర్టు తిరస్కరించింది, దాంతో మన కంపెనీల మాత్రలు అందుబాటు ధరలో దొరకడం ఆగలేదు. రోగి బతుకుని ఇంతగా మార్చిన మాత్రలు క్యాన్సర్ వైద్యంలో కొన్నే. దాన్ని సగం సగం వేసుకుని పాడుచేసుకోకండి.

అ) కడుపు నిండా తిన్న వెంటనే, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోండి. ఖాళీ కడుపుతోనో, పొద్దున్నే చోడి అంబలి రెండు గుక్కలు తాగో వేసుకుంటే వికారం, వాంతి ఖాయం. పొద్దున పొలానికో జీడి పనికో తొందరగా వెళ్లేవాళ్లు రాత్రి భోజనానికి మార్చుకోండి, కానీ తినగానే పడుకోవద్దు. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. ఆ రోజు కూడా మాత్ర మానకూడదు.

ఆ) స్ట్రిప్పు మీద అంకె చూడండి. ఇమాటినిబ్ 100, 400 రెండు సైజుల్లో వస్తుంది. చీటీలో 400 ఉంటే, షాపులో 100వి ఇస్తే, నాలుగు వేసుకోవాలి. ఒక్కటి వేసుకుంటూ నెలలు గడిపి, మందు పనిచేయడం లేదని వచ్చేవాళ్లు ఉన్నారు.

ఇ) మింగలేకపోతే 400 మాత్రని గ్లాసుడు నీళ్లలో, అంటే 200 మిల్లీలీటర్లలో వేసి చెంచాతో కలిపి, కరగగానే మొత్తం తాగేయండి. అడుగున మిగిలితే ఇంకాసిని నీళ్లు పోసుకుని తాగండి.

ఈ) ఒక రోజు మర్చిపోతే, అదే రోజు గుర్తొస్తే తిని వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండు కలిపి వేసుకోకండి.

ఉ) వేసుకున్న రోజు క్యాలెండర్‌లో తేదీ మీద అడ్డగీత కొట్టండి. నెలాఖరున మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మూడు రోజులవి గానీ, అంతకు మించి గానీ మిగిలితే ప్రమాదమే. 2010లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు మూత తెరిచినప్పుడల్లా నమోదు చేసే డబ్బాలిచ్చి లెక్కించారు. నెలకు మూడు రోజుల మాత్రలు, అంతకు మించి మానినవాళ్లలో వ్యాధి పీసీఆర్‌లో 0.1 శాతానికి దిగడం మూడో వంతు మందికి కూడా సాధ్యపడలేదు, సరిగా వేసుకున్నవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా సాధ్యమైంది. పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టాలింటికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా మాత్రలు చేతి సంచిలో ఉండాలి.

మందు మారితే తీరు మారుతుంది. సీఎంఎల్‌కే ఇచ్చే వేరే మాత్ర నిలోటినిబ్‌కి వేసుకునే ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు, రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. అలాంటిదే ఇంకో మాత్ర దాసాటినిబ్‌ తిన్నాక అయినా, తినకముందైనా సరే. అయితే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఊళ్లో ఏ జబ్బుకి వెళ్లినా చీటీలో గ్యాస్ మాత్ర ఉంటుంది కాబట్టి ఇది గట్టిగా గుర్తుంచుకోండి.

ఇమాటినిబ్‌తో పడనివి: టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ మందు బలాన్ని తగ్గిస్తాయి. క్లారిథ్రోమైసిన్, కీటోకొనజోల్ రక్తంలో మందు స్థాయిని పెంచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస మానండి. నొప్పి ఇంజెక్షన్లు, పసరు మందులు వద్దు. ఎవరు మందు రాసినా ముందు ఈ మాత్ర స్ట్రిప్పు చూపించండి.

7. మాత్రతో వచ్చే ఇబ్బందులు

పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, పల్చటి విరేచనాలు మామూలే. ఉప్పు తగ్గించండి, ఊరగాయ, ఉప్పు చేప మానండి. ముఖం, చేతులు తెల్లబారడం మన రంగువాళ్లలో బాగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు బొల్లి అనుకుని, ఆడపిల్లయితే పెళ్లి సంబంధాల గురించి భయపడి, చెప్పకుండా మాత్ర మాన్పించేస్తారు. అది బొల్లి కాదు, మందు వల్ల రంగు తగ్గడమే.

వారంలో రెండు కిలోలకు పైగా బరువు పెరిగినా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా డాక్టరుకి చెప్పండి. దాసాటినిబ్ వాడేవారికి ఆయాసం వస్తే ఎక్స్‌రే తీయించాలి, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ఉండొచ్చు. న్యూట్రోఫిల్స్ వెయ్యి కంటే, ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గితే మందు కొన్ని రోజులు ఆపమంటారు. ఆపమనేదీ, మళ్లీ మొదలుపెట్టమనేదీ డాక్టరే. మొదలుపెట్టే తేదీ చీటీ మీద రాయించుకోండి, లేకపోతే వారం అనుకున్నది రెండు నెలలవుతుంది.

8. మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మొదట్లో రెండు వారాలకోసారి సీబీసీ. తెల్లకణాలు 10 వేల లోపుకి, ప్లేట్‌లెట్లు 4.5 లక్షల లోపుకి వచ్చి, బల్ల చేతికి తగలకపోతే తొలి గెలుపు. చాలామందికి మూడు నెలల్లోపే ఇది వస్తుంది, ఒళ్లు తేలికపడుతుంది, జబ్బు పోయిందనిపిస్తుంది. పోలేదు. సీబీసీ పూర్తిగా నార్మల్‌గా ఉన్న మనిషి మూలుగలో కూడా జబ్బు కణాలు కోట్లలో ఉండొచ్చు. వాటిని లెక్కపెట్టగలిగేది బీసీఆర్-ఏబీఎల్ క్వాంటిటేటివ్ పీసీఆర్ ఒక్కటే.

దీన్ని మూడు నెలలకోసారి చేయించాలి. రిపోర్టులో శాతం పక్కన ఐఎస్ అనే అక్షరాలు ఉండాలి. అంతర్జాతీయ కొలమానంలో లెక్కించారని దాని అర్థం. లక్ష్యాలివి:

- 3 నెలలకు 10 శాతం, లేదా అంతకంటే తక్కువ
- 6 నెలలకు 1 శాతం, లేదా తక్కువ
- 12 నెలలకు 0.1 శాతం, లేదా తక్కువ

నోటు పుస్తకంలో ఒక పేజీ దీనికే ఉంచి తేదీ, ల్యాబు, శాతం రాయండి. ఉదాహరణకి 8.4, 0.9, 0.21, 0.07 అని వరుసగా దిగుతుంటే దారిలో ఉన్నట్టే. పాజిటివ్ అన్న మాట కనబడగానే భయపడకండి, ఎంత శాతం అన్నదే చూడండి. 0.07 నుంచి 0.09కి కదిలినా కంగారు లేదు, పరీక్షలో అంత తేడా మామూలే. 0.1 లోపు ఉన్నది దాటి 0.5, 0.8 అని పెరిగితే మాత్రం ముందు మాత్రల లెక్క నిజాయితీగా చూసుకుని, డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెడితే మంచి మందుని పనిచేయదని మార్చేస్తారు. మాత్రలు సరిగా వేసుకున్నా పెరుగుతుంటే మళ్లీ పరీక్ష చేసి, మ్యుటేషన్ పరీక్ష చేయిస్తారు. టీ315ఐ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్, నిలోటినిబ్, దాసాటినిబ్ మూడూ పనిచేయవు, పొనాటినిబ్ లాంటి వేరే మందు కావాలి.

శాంపిల్ విషయంలో జరిగే తప్పులు: ఊదా మూత ఇడిటిఏ ట్యూబులోనే ఇవ్వాలి. ఈ పరీక్షలో కొలిచే ఆర్ఎన్ఏ అనే జన్యు పదార్థం రక్తంలో తొందరగా పాడవుతుంది, 48 గంటల్లోపు ల్యాబుకి చేరాలి. మన ఊళ్లో తీసిన శాంపిల్ హైదరాబాద్‌కో ఇంకెక్కడికో వెళ్తుంది కాబట్టి శనివారం, పండగ ముందురోజు ఇవ్వకండి. సోమ, మంగళవారాల్లో ఇవ్వండి. చల్లగా పంపాలి, గడ్డకట్టించకూడదు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే అంకెలు పోల్చడం కష్టం.

ఇక మాత్ర ఆపడం. కనీసం మూడేళ్లు మందు వాడి, 0.01 శాతం లోపు రెండేళ్లకు పైగా నిలకడగా ఉన్నవారిలో కొందరికి డాక్టర్లు ఆపి చూస్తారు. ఆపాక మొదట్లో నెలనెలా పీసీఆర్ చేయించాలి. దాదాపు సగం మందికి జబ్బు తిరిగి కనబడి, మందు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. నెలనెలా పరీక్ష చేయించుకునే వీలు లేనివారు ఆపే ఆలోచనే పెట్టుకోకూడదు.

9. మందు తెగిపోకుండా ఏర్పాటు

నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్య మిత్ర కౌంటర్ దగ్గర డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కింద ఏ మందు, ఏ పరీక్ష వస్తాయో మొదటి రోజే అడగండి. కొనాల్సి వస్తే జన ఔషధి దుకాణంలో ఇమాటినిబ్ ధర కనుక్కోండి. కంపెనీ మారినా ఫర్వాలేదు, మోతాదు మారకూడదు. స్ట్రిప్పులో పది మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి నెలవి తెచ్చుకోండి.

గుజరాత్‌లోని వీరావల్‌కి చేపల వేటకి వెళ్లేవారు, చెన్నై, హైదరాబాద్ పనులకి వలస వెళ్లేవారు బయలుదేరే ముందే డాక్టరుకి చెప్పి, తిరిగి వచ్చేదాకా సరిపడా మాత్రలు, ఇంకో పదిహేను రోజులవి అదనంగా రాయించుకోండి. బోటులో అయితే మూత గట్టిగా పట్టే డబ్బాలో, తడి, ఎండ తగలకుండా ఉంచండి. మొదటి బీసీఆర్-ఏబీఎల్ రిపోర్టు, ఆఖరి పీసీఆర్, మందు చీటీ మూడూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి. పీసీఆర్ గడువు తేదీ ఏ ఊళ్లో ఉండగా వస్తుందో చూసుకుని, ఆ వారం ఇంటికి వచ్చేలా గానీ, అక్కడి నుంచే అదే ల్యాబుకి శాంపిల్ పంపేలా గానీ ముందే మాట్లాడుకోండి.